రైల్స్ బండికి రెండో ఇంజిన్

ఏటా డిసెంబరు 25న, సరిగ్గా క్రిస్మస్ నాడు, రూబీ అనే కంప్యూటర్ భాష కొత్త వెర్షన్ విడుదలవుతుంది. 2013 నుంచి తప్పకుండా వస్తున్న ఆనవాయితీ ఇది. ఆ భాషలో ప్రోగ్రాములు రాసేవాళ్లకు అది పండగ కానుక. అదే రోజున, వేళ్ల మీద లెక్కపెట్టగలిగే కొద్దిమంది మాత్రం ఆ విడుదల ప్రకటనను వేరే కంటితో చదువుతారు. కొత్తగా ఏం చేరింది, పాతది ఏం పోయింది, ఏ మాటకు అర్థం కాస్త జరిగింది అని చూసుకుంటారు. అందులో ఒక్కో వాక్యం వాళ్లకు ఒక్కో పని. వాళ్లే జేరూబీ బృందం. రూబీని జావా యంత్రం మీద నడిపించే పనిని భుజాన వేసుకున్నవాళ్లు.

రూబీని నడిపిస్తే సరిపోతుందా అంటే, పోదు. ఆ భాష మీద రైల్స్ ఉంది. వెబ్‌సైట్లు కట్టడానికి వాడే ఫ్రేమ్‌వర్క్ అది. గిట్‌హబ్, షాపిఫై, బేస్‌క్యాంప్ లాంటివన్నీ దాని మీద కట్టినవే. రెండు మూడేళ్లకోసారి రైల్స్‌కు కూడా పెద్ద వెర్షన్ వస్తుంది. అది వచ్చిన ప్రతిసారీ జేరూబీ వాళ్లను అందరూ అడిగే ప్రశ్న ఒక్కటే: మీ దాని మీద నడుస్తుందా?

ఇంతకీ ఈ పేర్ల వెనక ఉన్నదేమిటో ముందు చూడాలి. భాష వేరు, దాన్ని నడిపే యంత్రం వేరు. ప్రోగ్రామర్ రాసేది మనం చదవగలిగే అక్షరాలే. వాటిని చదివి కంప్యూటర్ చేత పని చేయించే సాఫ్ట్‌వేర్‌ను రన్‌టైమ్ అంటారు. జపాన్‌కు చెందిన యుకిహిరో మత్సుమోతో రూబీని 1993లో మొదలుపెట్టి 1995లో లోకం ముందుంచారు. ప్రోగ్రామర్లంతా ఆయన్ను మాట్జ్ అని పిలుస్తారు. ఆయన తన భాషను నడిపే రన్‌టైమ్‌ను సి భాషలో రాశారు. దాని వాడుక పేరు ఎమ్మారై. అసలు రూబీ అంటే అదే. జాన్ ఆర్నె పీటర్సన్ అనే ప్రోగ్రామర్ 2001లో అదే పని చేసే మరో రన్‌టైమ్‌ను జావాలో రాయడం మొదలుపెట్టారు. అది జేరూబీ.

ఇక ఫ్రేమ్‌వర్క్ అంటే టెంట్‌హౌస్ లాంటిది. పెళ్లి చేసేవాళ్లు షామియానా కుట్టించుకోరు, గుండిగలు పోత పోయించుకోరు. అన్నీ ఒకేచోట దొరుకుతాయి, తెచ్చుకుని వేసుకోవడమే. వెబ్‌సైట్‌కు లాగిన్ కావాలి, డేటాబేస్‌తో మాట్లాడాలి, ఫారాలు నింపించుకోవాలి, పేజీలు చూపించాలి. ఇవన్నీ ప్రతిసారీ కొత్తగా రాయక్కర్లేకుండా డెన్మార్క్‌కు చెందిన డేవిడ్ హైనమయర్ హాన్సన్ తన బేస్‌క్యాంప్ పని నుంచి విడదీసి 2004లో అందరికీ ఇచ్చిందే రైల్స్. పేరుకు తగ్గట్టు అవి పట్టాలు. వాటి మీద బండి వేగంగా పోతుంది. అయితే ఆ పట్టాలు వేసినవాళ్ల మనసులో ఉన్న ఇంజిన్ ఎమ్మారై ఒక్కటే.

అసలు ఇంజిన్ ఉండగా రెండోది ఎందుకు? జావా గురించి తెలుగువాళ్లకు వేరే చెప్పక్కర్లేదు. అమీర్‌పేట వీధుల్లో కోచింగ్ సెంటర్ల బోర్డులు చదువుకుంటూ పెరిగిన తరం మనకుంది. పెద్ద సంస్థల సర్వర్లలో జావా ఎప్పటినుంచో పాతుకుపోయి ఉంది. అలాంటి చోట రూబీ కోసం విడిగా కొత్త ఏర్పాటు చేయమంటే నిర్వహణ విభాగం ఒప్పుకోదు. వార్‌బ్లర్ అనే పనిముట్టుతో జేరూబీ మీద నడిచే రైల్స్ అప్లికేషన్ మొత్తాన్ని ఒకే వార్ ఫైలుగా చుట్టి ఇస్తే, జావా సర్వర్ దాన్ని తన సొంత బిడ్డలాగే నడుపుతుంది. థాట్‌వర్క్స్ సంస్థ మింగిల్ అనే ప్రాజెక్టు నిర్వహణ సాఫ్ట్‌వేర్‌ను 2007లో జేరూబీ మీద నడిచేలా అమ్మకానికి పెట్టింది. సర్వర్ల లాగ్‌లను పోగుచేసే లాగ్‌స్టాష్ కూడా జేరూబీ మీదే నడుస్తుంది. దాన్ని రోజూ వాడుతున్నా లోపల రూబీ ఉందని తెలియనివాళ్లు చాలామంది ఉంటారు.

రెండో కారణం ఇంకా లోతైనది. ఎమ్మారైలో ఎన్ని థ్రెడ్లు (పక్కపక్కనే సాగే పనుల వరుసలు) పెట్టినా ఒక్క క్షణంలో రూబీ కోడ్ నడిపేది ఒక్కటే. వంటింట్లో పదిమంది వంటవాళ్లున్నా గరిటె ఒకటే ఉన్నట్టు. ఎసరు మరిగేదాకా ఆగాల్సి వస్తే గరిటె పక్కవాడికి ఇస్తాడు కాబట్టి పని సాగుతుంది. కానీ పదిమందీ ఒకేసారి కలియబెట్టలేరు. జావా యంత్రమైన జేవీఎం మీద ఆ అడ్డు లేదు. ఎవరి గరిటె వాళ్లకుంటుంది. ఒకే ప్రాసెస్‌లో ప్రాసెసర్ కోర్లన్నిటినీ వాడుకోవచ్చు.

మరి అంత మేలైతే అందరూ దానికే మారొచ్చు కదా? చిక్కంతా ఇక్కడే ఉంది.

రూబీ అంటే ఏమిటో పూర్తిగా రాసిపెట్టిన శాసనం లేదు. 2012లో ఐఎస్ఓ ప్రమాణం ఒకటి వచ్చింది కానీ అది పాత రూబీకి, అందులోనూ కొంత భాగానికే. ఆచరణలో ఎమ్మారై ఏం చేస్తే అదే రూబీ. ఒక సందర్భంలో అది వింతగా ప్రవర్తిస్తే ఆ వింత కూడా భాషలో భాగమే. ఎందుకంటే ఎక్కడో ఒక లైబ్రరీ దాని మీద ఆధారపడి ఉంటుంది. రెండో రన్‌టైమ్ రాసేవాళ్లు అసలుదాన్ని దగ్గర కూర్చోబెట్టుకుని, అది ఎలా నడిస్తే అలా నడవాలి, ఎక్కడ కుంటితే అక్కడ కుంటాలి.

దీన్ని దగ్గరగా చూడాలంటే 'తెలుగు' అనే మాటనే తీసుకుందాం. కంటికి మూడు అక్షరాలు. యూనికోడ్ లెక్కలో ఆరు: త, ఎత్వం, ల, కొమ్ము, గ, కొమ్ము. యూటీఎఫ్-8 పద్ధతిలో తెలుగు గుర్తు ఒక్కోదానికి మూడు బైట్లు కాబట్టి మొత్తం 18 బైట్లు. రూబీ ఈ మాటను ఆ 18 బైట్లుగానే దాచుకుని, పక్కన 'ఇది యూటీఎఫ్-8' అని చీటీ తగిలిస్తుంది. జావా అలా కాదు. అక్షరాలను దాచుకునే దాని స్ట్రింగ్ యూటీఎఫ్-16లో ఉంటుంది, అందులో ఇదే మాట 12 బైట్లు. పొడవెంత అని అడిగితే రెండూ ఆరనే చెబుతాయి, బైట్లెన్ని అని అడిగితే మాట తేడా వస్తుంది. ఇక రూబీలో ఫొటో ఫైలు చదివినా అది స్ట్రింగ్‌లోకే వస్తుంది. ఆ బైట్లను అక్షరాలనుకుని జావా తన పద్ధతిలోకి మారిస్తే ఫొటో పాడైపోతుంది. రైల్స్ పొద్దున్నుంచి సాయంత్రం దాకా చేసేదల్లా స్ట్రింగ్‌ల పనే. అందుకే జేరూబీ వాళ్లు జావా స్ట్రింగ్‌ను పక్కనపెట్టి సొంతంగా బైట్ల పట్టిక రాసుకున్నారు. దానికి తగ్గట్టు, అక్షరాల నమూనాలను వెతకడానికి రూబీ అప్పట్లో వాడిన ఒనిగురుమా రెగ్యులర్ ఎక్స్‌ప్రెషన్ ఇంజిన్‌ను జోనీ పేరుతో జావాలో తిరగరాశారు. జావా చేతికిచ్చిన సదుపాయాన్ని వదులుకుని, దాని మీదే మళ్లీ పునాది నుంచి కట్టుకున్నారన్నమాట. ఈ శ్రమ కనిపించదు. తెలుగు పేరుతో ఖాతా తెరిచినవాడికి పేజీలో తన పేరు సరిగ్గా కనిపిస్తుంది, అంతే.

ఇలాంటివి ఇంకెన్నో. రైల్స్ ఒక్కటిగా రాదు, వెంట జెమ్స్ అనే చిన్న చిన్న లైబ్రరీల పరివారాన్ని తెస్తుంది. వాటిలో కొన్నిటి లోపలి భాగం వేగం కోసం సి భాషలో ఉంటుంది. జేవీఎం మీద అవి నేరుగా ఎక్కవు. హెచ్‌టీఎంఎల్ చదివే నోకోగిరి లేకుండా ఇప్పటి రైల్స్ అసలు లేచి నిలబడదు. అది లిబ్‌ఎక్స్‌ఎంఎల్2 అనే సి లైబ్రరీ మీద ఆధారపడుతుంది. జేరూబీ కోసం దానికి జావాలో సమాంతరంగా ఇంకో రూపం రాశారు. డేటాబేస్ వివరాలుండే యామ్‌ఎల్ ఫైలును ఎమ్మారై లిబ్‌యామ్‌ఎల్‌తో చదివితే, జేరూబీ స్నేక్‌యామ్‌ఎల్‌తో చదువుతుంది. గుప్తీకరణకు ఎమ్మారై ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్‌ను వాడితే, జేరూబీ బౌన్సీ క్యాజిల్ అనే జావా లైబ్రరీని వాడుతూ, బయటికి మాత్రం ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్‌లా కనిపించాలి.

ఆ గుప్తీకరణ దగ్గరే 2013లో ఓ తలనొప్పి మొదలైంది. ఆ ఏడాది జూన్‌లో వచ్చిన రైల్స్ 4, బ్రౌజర్‌లో దాచే కుకీలను గుప్తీకరించడం మొదలుపెట్టింది. అందుకు 256 బిట్ల తాళంచెవి కావాలి. ఓపెన్‌జేడీకే ఉన్న ల్యాప్‌టాప్‌లో అంతా సజావుగా నడుస్తుంది. అదే అప్లికేషన్‌ను ఒరాకిల్ జావా ఉన్న సర్వర్‌కు ఎక్కించి మొదటి పేజీ తెరవగానే తెర మీద ఒక్క ముక్క: 'ఇల్లీగల్ కీ సైజ్'. తాళంచెవి పొడవు చట్టవిరుద్ధమట! ప్రోగ్రామర్ తన కోడ్‌ను ఎంత తిరగేసినా తప్పు దొరకదు. తప్పు అతనిది కాదు, జేరూబీదీ కాదు, రైల్స్‌దీ కాదు. గుప్తీకరణ సాఫ్ట్‌వేర్ ఎగుమతుల మీద ఒకప్పుడు అమెరికా పెట్టిన ఆంక్షల నీడ అది. ఆ కారణంగానే ఒరాకిల్ జావా మామూలుగా 128 బిట్లకు మించిన ఏఈఎస్ గుప్తీకరణ తాళంచెవిని ఒప్పుకునేది కాదు.

విరుగుడు ఏమిటంటే, ఒరాకిల్ సైటు నుంచి రెండు చిన్న జార్ ఫైళ్లు దించుకుని జావా ఫోల్డర్‌లోని పాత వాటి స్థానంలో పెట్టాలి. వాటిలో ఒకదాని పేరే 'యూఎస్ ఎక్స్‌పోర్ట్ పాలసీ'. సర్వర్‌లోని జావాను ముట్టుకునే అనుమతి లేనివాళ్లు ఇంకో చిట్కా పట్టారు. అప్లికేషన్ మొదలయ్యేటప్పుడే జావా లోపలికి చెయ్యి పెట్టి, 'ఆంక్ష ఉందా' అనే మీటను 'లేదు' వైపు తిప్పేవారు. అందమైన పని కాదు, అయినా బండి కదిలింది. 2018 జనవరిలో వచ్చిన జావా 8 నవీకరణ 161 నుంచి ఆ ఆంక్ష తనంత తానే తొలగిపోయింది. ఎక్కడో రాసిన ఎగుమతి నిబంధన, నాలుగున్నరేళ్లపాటు ఓ వెబ్ ఫ్రేమ్‌వర్క్ కొత్త వెర్షన్‌ను మొదటి పేజీ దగ్గరే ఆపగలిగింది. పోర్టింగ్ అంటే కోడ్‌ను ఒకచోటి నుంచి మరోచోటికి మార్చడమేనని అనుకునేవాళ్లకు ఈ ఉదంతం తప్పక చెప్పాలి.

వెర్షన్ల వెంట పరుగు మరో కథ. రైల్స్ ఒక్కో పెద్ద వెర్షన్ కనీసం ఫలానా రూబీ ఉండాలని గిరి గీస్తుంది. రైల్స్ 5 అడిగింది 2.2.2. పాత జేరూబీ 1.7కు తెలిసిన రూబీ ప్రధానంగా 1.9 దాకానే. 2015 జులైలో లోపలి నిర్మాణాన్ని చాలామటుకు తిరగరాసి, 1.7 నుంచి ఒక్క గెంతులో 9.0 అని పేరు పెట్టి విడుదల చేశారు. అది రూబీ 2.2కు సమానం. రైల్స్ 5 వచ్చింది 2016 జూన్‌లో. అంటే ఇంజిన్ ఏడాది ముందే సిద్ధం. కానీ డేటాబేస్ వంతెన సిద్ధంగా లేదు!

ఆ వంతెన పేరు యాక్టివ్‌రికార్డ్ జేడీబీసీ అడాప్టర్. రైల్స్ డేటాబేస్‌తో మాట్లాడే పద్ధతికీ, జావా లోకంలోని జేడీబీసీ పద్ధతికీ మధ్య దుబాసీ అది. అంతకుముందు దాని ఒకే కోడ్ రైల్స్ 2, 3, 4 వెర్షన్లన్నిటినీ మోసేది. రైల్స్ ప్రతిసారీ తన లోపలి గదుల గోడలు జరుపుతుంటే, ఏ వెర్షన్‌కు ఏ గోడ ఎక్కడుందో గుర్తుపెట్టుకునే 'ఒకవేళ'లతో ఆ కోడ్ నిండిపోయింది. రైల్స్ 5 దగ్గర ఇక కుదరదనుకున్నారు. మద్దతిచ్చే డేటాబేస్‌ల జాబితా కుదించారు. పోస్ట్‌గ్రెస్, మైఎస్‌క్యూఎల్, ఎస్‌క్యూలైట్ మీద దృష్టి పెట్టి, రైల్స్ సొంత కోడ్‌నే వీలైనంత వాడుకుంటూ, మారిన చోట మాత్రమే తమ చెయ్యి వేశారు. వెర్షన్ అంకె కూడా మార్చారు. రైల్స్ 5.0కి అడాప్టర్ 50, 5.1కి 51, 6.0కి 60. ఏ తాళానికి ఏ చెవో చూడగానే తెలుస్తుంది. ఆశ తగ్గించుకుని పని నిలబెట్టుకున్న ఆ నిర్ణయం సరైనదనే అనిపిస్తుంది. అన్నీ మోస్తామని చివరికి ఏదీ మోయలేకపోయిన ప్రాజెక్టులు సాఫ్ట్‌వేర్‌లో కొల్లలు.

అయినా పరుగు ఆగలేదు. 2021 సెప్టెంబరులో వచ్చిన జేరూబీ 9.3 రూబీ 2.6కు సమానం. డిసెంబరులో రైల్స్ 7 వచ్చి 2.7 కావాలంది. ఒక్క మెట్టు తేడాతో రైలు తప్పిపోయింది. ఈసారి బృందం 2.7, 3.0లను ఆగకుండా దాటేసి నేరుగా 3.1ను పట్టుకుని 2022 నవంబరులో 9.4 ఇచ్చింది. రైల్స్ 7 వచ్చిన దాదాపు పదకొండు నెలలకు. 2024 నవంబరులో రైల్స్ 8 వచ్చి 3.2 అడిగింది. 2025 ఏప్రిల్‌లో జేరూబీ 10 రూబీ 3.4తో సమానంగా వచ్చింది. ఈసారి ఎడం అయిదు నెలలే. ఆ అంకెల వెనక ఉన్నది ఎంతమంది? దశాబ్దాలుగా ముందు నిలిచిన పేర్లు ఇద్దరివి: చార్ల్స్ నట్టర్, థామస్ ఎనెబో. 2006లో సన్ మైక్రోసిస్టమ్స్ ఈ పని కోసమే వాళ్లను ఉద్యోగంలోకి తీసుకుంది. 2009లో ఇంజిన్ యార్డ్‌కు, 2012లో రెడ్‌హ్యాట్‌కు మారారు. 2024లో రెడ్‌హ్యాట్ మద్దతు ముగిసింది. ప్రాజెక్టును నిలబెట్టడానికి నట్టర్ సొంతంగా హెడియస్ ఎంటర్‌ప్రైజెస్ అనే సంస్థ పెట్టుకున్నారు. ఎన్నో సంస్థల సర్వర్లు నమ్ముకున్న పని ఇంత సన్నని దారం మీద వేలాడుతుండటం బాధ కలిగించే విషయం. దీన్ని వాడుకుని లాభపడే సంస్థలు నిర్వహణకు డబ్బు ఇవ్వాలి. అది దానం కాదు, బాకీ.

ఒక్క విషయంలో మాత్రం జేవీఎం ససేమిరా అంటుంది. అదే ఫోర్క్. నడుస్తున్న ప్రాసెస్ తనలాంటి మరో ప్రాసెస్‌ను అచ్చు గుద్దినట్టు పుట్టించుకోవడం. ఒకే గరిటె ఉన్న వంటింటివాళ్లు కనిపెట్టుకున్న ఉపాయం అది. గరిటె పెంచలేరు కాబట్టి వంటిళ్లనే పెంచుకుంటారు. అందుకే ఎమ్మారై లోకంలో ఫోర్క్ అన్నిచోట్లా కనిపిస్తుంది. పనిని త్వరగా మొదలుపెట్టించే స్ప్రింగ్ దాని మీదే నడుస్తుంది. ప్యూమా సర్వర్ క్లస్టర్ పద్ధతీ, రైల్స్ 8తో వచ్చిన సాలిడ్ క్యూ నేపథ్య పనుల ఏర్పాటూ దాన్ని నమ్ముకునే రూపొందాయి. జేరూబీలో ప్యూమాను ఒకే ప్రాసెస్‌లో ఎక్కువ థ్రెడ్లతో నడుపుతారు. నేపథ్య పనులకు సైడ్‌కిక్ లాంటి థ్రెడ్ల ఏర్పాటు ఉంది. లోపం మరొకటి కూడా ఒప్పుకోవాలి. జేవీఎం లేవడానికి సమయం తీసుకుంటుంది. చిన్న ఆదేశం ఇచ్చి జవాబు కోసం ఎదురుచూసే ప్రోగ్రామర్‌కు ఆ కొన్ని సెకన్లు రోజుకు యాభైసార్లు విసుగు తెప్పిస్తాయి. ఒకసారి వేడెక్కాక మాత్రం రోజుల తరబడి హాయిగా పరుగెడుతుంది.

ఇంత కష్టపడి కొద్దిమంది కోసం ఎందుకు అని అడిగేవాళ్లు ఉంటారు. రూబీని ఇలా ఎత్తుకున్నవాళ్లు వేరే కూడా ఉన్నారు. మైక్రోసాఫ్ట్ మొదలుపెట్టిన ఐరన్‌రూబీ 2008 రైల్స్‌కాన్ఫ్ సదస్సులో రైల్స్‌ను నడిపి చూపించింది, తర్వాత కొన్నేళ్లకే ఆగిపోయింది. రుబినియస్ వెలుగులో లేదు. ఒరాకిల్ ల్యాబ్స్‌లో పుట్టిన ట్రఫుల్‌రూబీ మాత్రం సి జెమ్స్‌ను తిరగరాయకుండా ఉన్నవాటిని ఉన్నట్టు నడిపే వేరే దారి పట్టి సాగుతోంది. కానీ ఈ పక్కదారుల్లో వేసిన రాళ్ల మీదే ఇవాళ అందరూ నడుస్తున్నారు. రైల్స్ 5 నుంచి ప్రతి కొత్త ప్రాజెక్టులో ముందుగానే అమర్చి వచ్చే సర్వర్ ప్యూమా. అది మొదట తయారైంది రుబినియస్ కోసం. రూబీ ఎలా ప్రవర్తించాలో పరీక్షలుగా రాసిన రూబీస్పెక్ కూడా రుబినియస్ వాళ్ల పుణ్యమే. దాన్ని ఇప్పుడు ఎమ్మారై కూడా తన పరీక్షల్లో వాడుకుంటోంది. నిజమైన థ్రెడ్ల కింద రైల్స్ చెదరకుండా ఉండాలన్న పట్టు జేరూబీ వైపు నుంచి ఏళ్ల తరబడి ఉంది. 2008 నవంబరులో వచ్చిన రైల్స్ 2.2 మొదటిసారి థ్రెడ్ల భద్రతకు హామీ ఇచ్చింది. రైల్స్ 4కు అది మామూలు సంగతైంది.

మేలు జావాకూ అందింది. రూబీ లాంటి భాషలు జేవీఎం మీద వేగంగా నడవాలని 2011లో జావా 7లో ఇన్‌వోక్‌డైనమిక్ అనే కొత్త ఆదేశాన్ని చేర్చారు. దాన్ని రూపొందించిన నిపుణుల బృందంలో నట్టర్ ఒకరు. మూడేళ్ల తర్వాత జావా 8లో లామ్డాలు (బాణం గుర్తుతో రాసే పేరులేని చిన్న ఫంక్షన్లు) వచ్చినప్పుడు వాటిని నడిపింది ఆ ఆదేశమే. హైదరాబాద్‌లో ఇవాళ లామ్డా రాస్తున్న జావా ప్రోగ్రామర్, పేరైనా వినని రూబీ మనుషుల శ్రమను ఆ ఒక్క బాణం గుర్తులో వాడుకుంటున్నాడు.

కొత్త రైల్స్ ప్రాజెక్టు మొదలుపెట్టగానే జెమ్‌ఫైల్ అనే చిన్న జాబితా తయారవుతుంది. ఏయే లైబ్రరీలు కావాలో అందులో ఉంటుంది. మధ్యలో ఓ పంక్తి ప్రపంచ కాలమండలాల పట్టిక గురించి. యూనిక్స్ యంత్రాల్లో ఆ పట్టిక ముందే ఉంటుంది. లేనిచోట వెంట తీసుకెళ్లాలి కాబట్టి టీజెడ్ఇన్ఫో-డేటా అనే జెమ్‌ను ఫలానా వేదికలకు మాత్రమే చేర్చమని ఆ పంక్తి చెబుతుంది. పక్కన రెండే పేర్లు ఉంటాయి: విండోస్, జేరూబీ. ఎమ్మారై తప్ప మరొకటి ఎరగని వాళ్ల ఫైళ్లలోనూ, ఎవరూ చెరపకుండా, ఆ పేరు ఉంటుంది.